కనుమనాడు కదలని కారు

మా నాన్నగారికి కారంటే ఇష్టమే. కారులో పాటంటేనే గిట్టేది కాదు. ‘నడిపేవాడి కళ్ళు రోడ్డు మీద ఉంటే చాలదురా, చెవులు బండి మీద ఉండాలి’ అనేవారు. సగం జీవితం ఎడ్లబండి తోలిన మనిషి. ఇరుసు కిర్రుమన్న తీరుని బట్టి ఏ చక్రానికి కందెన కావాలో చెప్పగలరు. అలాంటాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నేను టేపు మోగిస్తుంటే, ఈ గోలలో బండి తన బాధ ఎలా చెప్పుకుంటుందని ఆయన అనుమానం.

అది ఎంత సరైన అనుమానమో తెలియడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది.

మారుతి 800 మొదటిసారి రోడ్డెక్కింది 1983 డిసెంబరులో. పన్నెండేళ్ళ తర్వాత, రెండు చేతులు మారాక, ఒకటి మా ఇంటికొచ్చింది. అమలాపురానికి పన్నెండు కిలోమీటర్ల దూరం మా ఊరు. రోజూ కాలేజీకి అందులోనే వెళ్ళేవాణ్ణి. అక్కడ నేను చెప్పే పాఠం ఫిజిక్సు. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత నవ్వుకోవడానికి పనికొస్తుంది.

‘ముందు టైర్లు మార్పించండి, గుండు కొట్టించుకున్నట్టున్నాయి’ అని మా ఆవిడ పోరు. సరేనని టైర్ల డబ్బులు జేబులో పెట్టుకుని రాజమండ్రి వెళ్ళాను. వచ్చేటప్పుడు డాష్‌బోర్డులో క్యాసెట్టూ రేడియో కలిసిన డెక్కు, వెనక అద్దం కింద రెండు స్పీకర్లు ఉన్నాయి. టైర్లు అవే. జొన్నాడ దగ్గర గౌతమి మీద వంతెన దాటుతూ పాట పెంచినప్పుడు కలిగిన గర్వం, ఆ తర్వాత ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు. ఇంటికొచ్చాక మా ఆవిడ టైర్ల వంక చూసింది. నాన్నగారు డెక్కు వంక చూశారు. ఇద్దరూ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధగా ఉంది.

ఆ పెట్టె మీద నాన్నగారి అభిప్రాయం మార్చింది 1996 నవంబరు 6.

కోనసీమలో ఆ తేదీ చెబితే చాలు, తుపాను అని వేరే చెప్పక్కర్లేదు. ఆ రాత్రి వీచిన గాలికి వెయ్యి మందికి పైగా పోయారు. లక్షల కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. తెల్లారి లేచి చూస్తే మా వీధికి ఆ చివర ఉన్న ఇల్లు కనిపించింది. అంతకుముందు ఎప్పుడూ కనిపించలేదు, మధ్యలో తోట ఉండేది. కరెంటు స్తంభాలు పడిపోయాయి. ఫోన్లు లేవు. రోడ్లకి అడ్డంగా చెట్లు. పక్క ఊళ్ళో ఏమైందో కూడా తెలియదు. టీవీలు వచ్చాక ట్రాన్సిస్టర్లని ఎవరు పట్టించుకున్నారు? వీధి మొత్తం మీద పనిచేసేవి రెండే ఉన్నాయి. వాటి సెల్లులు రెండో రోజుకే నీరసించాయి. కొత్తవి కొందామంటే కొట్లు తెరిచి ఉంటేగా!

అప్పుడు నాన్నగారే అడిగారు. ‘ఒరేయ్ అబ్బాయ్, నీ పాటల పెట్టె వార్తలు కూడా చెబుతుందా?’

కారు పశువుల పాకలో ఉంది. పాక సగం కూలి దాని మీదే పడింది. తాటాకులు తీసి, తాళం తిప్పితే డెక్కులో దీపం వెలిగింది. క్యాసెట్టు పెడితే పాడింది. రేడియోకి మార్చితే మాత్రం ‘హుస్...’ తప్ప ఇంకేమీ లేదు. దీపం వెలిగింది కాబట్టి కరెంటు వస్తోంది. క్యాసెట్టు పాడింది కాబట్టి స్పీకర్లు బాగానే ఉన్నాయి. ఇంక మిగిలింది ఏరియలు. బయటికొచ్చి చూస్తే అది మొదలంటా విరిగి ఉంది. కమ్మ పడ్డట్టుంది. డెక్కుని బయటికి లాగి, వెనకున్న ఏరియలు కన్నం మధ్యలోకి గజం వైరు కొన గుచ్చి, దానికి ఇంకో పది గజాల వైరు కలిపి, మొండిగా మిగిలిన జామచెట్టుకి కట్టాను. ముల్లు జరుపుతుంటే ఒకచోట విజయవాడ కేంద్రం దొరికింది. గుమ్మంలో నిలబడ్డవాళ్ళందరూ ఒక్కసారి ‘ఆఁ’ అన్నారు.

అయితే ఇంజన్ వేస్తే రేడియోలో ‘గర్‌ర్‌ర్’ అని ఒకటే మోత. దానికి కారణం ఉంది. ఇంజన్‌లో పెట్రోలుని మండించేవి స్పార్క్ ప్లగ్గుల నిప్పురవ్వలు. 1880ల్లో జర్మనీలో హెర్ట్జ్ మొట్టమొదట రేడియో తరంగాల్ని పుట్టించింది కూడా నిప్పురవ్వలతోనే. అంటే ప్రతి పెట్రోలు కారూ కదిలే చిన్న రేడియో స్టేషనే, దాని కార్యక్రమం మాత్రం గరగర ఒక్కటే! 1930లో అమెరికాలోని షికాగోలో గాల్విన్ కంపెనీవాళ్ళు ‘మోటరోలా’ పేరుతో కారు రేడియో అమ్మడం మొదలుపెట్టిన రోజుల్లోనూ వాళ్ళని వేధించింది ఈ మోతే. సెల్‌ఫోన్ల మీద చూసిన ఆ పేరు పుట్టిందే కారు రేడియో కోసం.

ఇంజన్ ఆపితే వార్తలు వినిపిస్తాయి, బ్యాటరీ దిగిపోతుంది. ఇంజన్ వేస్తే బ్యాటరీ నిండుతుంది, వార్తలు వినిపించవు. పెట్రోలు చూస్తే ట్యాంకులో నాలుగు లీటర్లు. నాన్నగారు లెక్క కట్టారు. ఉదయం వార్తలు, సాయంత్రం వార్తలు... అంతే. పాటలకి ముట్టుకున్నవాడి చెయ్యి విరగ్గొడతానన్నారు. రోజుకో పావుగంట ఇంజన్. ఆ పూట కారు చుట్టూ నలభై మంది ఉండేవారు. మా ఎదురింటి పెద్దావిడ కూతుర్ని సముద్రం వైపు ఊరికి ఇచ్చారు. ఆవిడ కారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడేది. ఊరి పేరు వస్తే భయం, రాకపోతే ఇంకా భయం. నాలుగో రోజు మధ్యాహ్నం ఆ పిల్లే భర్తతో, చంకలో బిడ్డతో నడుచుకుంటూ వచ్చింది. ఆ సాయంత్రం వార్తలకి కూడా పెద్దావిడ వచ్చి బానెట్ మీద చెయ్యి వేసింది. ఈసారి వేరేవాళ్ళ కోసం.

ఆ తర్వాత నాన్నగారు డెక్కుని ఏమీ అనలేదు. దుమ్ము పడకుండా దాని మీద పాత తువ్వాలు ఒకటి కప్పేవారు.

అసలు కథ 2001లో మొదలైంది.

అప్పటికి క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. మా బావమరిది కొత్త కారులో పాట వింటే గుండెల్లో డప్పు మోగినట్టుంది. నా కారులో అదే పాట కొబ్బరి పీచు అడ్డం పెట్టుకుని పాడినట్టుంది. మనిషికి అసూయ అంటూ పుట్టాక టైర్లు గుర్తుండవు. పట్నంలో ఒక షాపుకి వెళ్ళి సీడీ డెక్కు, వెనక రెండు కోడిగుడ్డు ఆకారపు పెద్ద స్పీకర్లు, వాటిని మోగించడానికి ఆంప్లిఫయర్ పెట్టించాను. ఆంప్లిఫయర్‌ని ముందు ఎడమవైపు సీటు కింద బిగించి పైన కార్పెట్ కప్పేశారు. ‘బయటికి కనపడకూడదండి, నీటుగా ఉండాలి’ అన్నాడు కుర్రాడు. మూడు గంటల్లో పని అయిపోయింది. అంత తొందరగా అయిందేమిటని ఆశ్చర్యపోవాల్సింది. సంబరపడ్డాను.

నాలుగు నెలలు గడిచాక కారుకి ఒక వింత జబ్బు పట్టుకుంది. మంగళవారం బాగుంటుంది. శుక్రవారం బాగుంటుంది. సోమవారం పొద్దున్న మాత్రం తాళం తిప్పితే ‘టక్... టక్...’ అంటుంది. నలుగురు తోస్తే గానీ కదలదు. మా వీధి కుర్రాళ్ళకి సోమవారం ఎనిమిదింటికి అరుగు మీద సిద్ధంగా కూర్చోవడం అలవాటైపోయింది. ‘మాస్టారి కారుకి కూడా మనలాగే సోమవారం బడికెళ్ళాలంటే బద్ధకమండి’ అని ఒకడు.

ఒక మెకానిక్ చూసి డైనమో అన్నాడు. దాన్ని విప్పి, బ్రష్షులు మార్చాడు. సోమవారం మళ్ళీ టక్ టక్. ఇంకొకాయన సెల్ఫ్ మోటారు అన్నాడు. అదీ విప్పించాం. మూడో ఆయన బ్యాటరీ అన్నాడు. కొత్త బ్యాటరీ వేయించాం. రెండు నెలలు హాయిగా నడిచింది. హమ్మయ్య అనుకున్నాం. మూడో నెల నుంచి మళ్ళీ మొదలు. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది, ఆ రెండు నెలలూ రోగం తగ్గలేదు, కొత్త బ్యాటరీ ఓర్చుకుంది. మాటిమాటికీ అడుగంటా దిగిపోయే బ్యాటరీ ఎంత కొత్తదైనా త్వరగా ముసలిదైపోతుంది.

ఆ డిసెంబరులో ఒక పొద్దున్న నాన్నగారు నాతో అమలాపురం వస్తూ ముందు సీట్లో కూర్చున్నారు. కింద పడ్డ కళ్ళజోడు పెట్టె కోసం సీటు కిందకి చెయ్యి పెట్టి, ‘ఒరేయ్, ఇక్కడెవరో కుంపటి పెట్టినట్టు గోరువెచ్చగా ఉందిరా’ అన్నారు.

‘ఇంజన్ వేడి నాన్నగారూ’ అన్నాను.

ఇంజన్ ఇంకా వెయ్యలేదు. తాళం నా చేతిలోనే ఉంది. ఫిజిక్సు మాస్టారిని!

2003 సంక్రాంతి. భోగి సాయంత్రం చెల్లెల్నీ బావగారినీ రావులపాలెం నుంచి తీసుకొచ్చి ఏడింటికి కారు పాకలో పెట్టాను. పండగ రోజు ఎక్కడికీ కదల్లేదు. మర్నాడు కనుమ. కనుమనాడు కాకి కూడా కదలదంటారు కదా, మేమూ కదల్లేదు. గారెలు, కోడికూర, పేకాట. రాత్రి ఒంటిగంటకి అమ్మ తలుపు కొట్టింది. నాన్నగారు మంచం మీద కూర్చుని చొక్కా పిడికిలితో పట్టుకుని ఉన్నారు. ఒళ్ళంతా చెమట. జనవరి చలిలో చెమట ఏమిటి? అడిగితే, ‘ఏం లేదురా, గారెలు అరగలేదు’ అన్నారు. మాట సగంలోనే తెగిపోయింది.

ముందు సీట్లో కూర్చోబెట్టాం. తాళం తిప్పాను.

టక్.

మళ్ళీ తిప్పాను. టక్... టక్... డాష్‌బోర్డు దీపాలు ఎర్రగా అయి ఆరిపోతున్నాయి. పక్కనే నాన్నగారి ఊపిరి వినిపిస్తోంది. ఆ రెండు చప్పుళ్ళు ఇప్పటికీ నా చెవుల్లో ఒకదాని వెంట ఒకటి వస్తాయి. నాన్నగారు ఒక్కమాట అనలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. చూస్తే నేను భయపడతానని అయ్యుంటుంది.

బావగారు పరిగెత్తి వీధిలో తలుపులు బాదారు. కోడిపందేల నుంచి వచ్చి అప్పుడే పడుకున్న కుర్రాళ్ళు లుంగీలు బిగించుకుంటూ వచ్చారు. ఆ ‘సోమవారం’ కుర్రాళ్ళే. పాకలోంచి వీధిలోకి, వీధిలోంచి కాలవ గట్టు మీదకి తోశారు. గట్టు దిగేచోట కాస్త పల్లం ఉంది. రెండో గేరులో పెట్టి, క్లచ్ తొక్కి, వేగం అందుకున్నాక ఒక్కసారి వదిలాను. బండి ఎగిరిపడింది, దగ్గింది, ఆగింది. ఇంకోసారి తోశారు. మూడోసారికి అందుకుంది. ఆ దిగిపోయిన బ్యాటరీలో ప్లగ్గులకి నిప్పు పుట్టించేంత ప్రాణం మిగిలి ఉండడం మా అదృష్టం. లేకపోతే ఎంత తోసినా లేచేది కాదు.

అమలాపురం ఆస్పత్రిలో డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న: ‘నొప్పి ఎప్పుడు మొదలైంది?’ చెప్పాం. ‘దగ్గరే కదా, ఇంతసేపు పట్టిందేం?’ అని రెండో ప్రశ్న. దానికి నేను జవాబు చెప్పలేదు. బావగారు చెప్పారు.

నాన్నగారు తేరుకున్నారు. నాలుగో రోజు మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నప్పుడు, ‘ఇంటికెళ్ళగానే ఆ పాటల పెట్టె పీకించేస్తాను నాన్నగారూ’ అన్నాను. నా అనుమానం అప్పటికి దాని మీదకి వెళ్ళింది, ఎందుకంటే అది వచ్చాకే ఈ రోగం. ఆయన ఇడ్లీ ముక్క పక్కన పెట్టారు. ‘గాలివాన రోజుల్లో కబురు చెప్పింది ఆ రేడియోనే కదరా. పెట్టెదేం తప్పు? ఎక్కడ కారుతోందో చూడు’ అన్నారు.

కారడం! అంత చదువు చదివిన నాకు తట్టని మాట అది.

రావులపాలెంలో లారీలకి కరెంటు పని చేసే మేస్త్రి ఉన్నాడని చెబితే వెళ్ళాను. రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ఆయనకి అరవై దాటి ఉంటాయి. నేను చెప్పిందంతా విని, ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. ‘ఏ రోజు ఆగుద్దండి మాస్టారూ?’

‘సోమవారం.’

‘ఆయ్. అంటే శనోరం సాయంత్రం నుంచి నిలబడుంటదన్నమాట. అయితే బ్యాటరీ మంచిదేనండి. డైనమో కూడా మంచిదే. బండి పడుకున్నాక ఎవడో తాగేత్తున్నాడు.’

ఆయన చేసిన పని చెబుతాను. మీలో ఎవరికైనా పనికి రావచ్చు. తాళం తీసేసి, తలుపులన్నీ మూసి, లోపలి దీపం ఆరిందని చూసుకున్నాడు. బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీశాడు. ఆ తీగకీ బ్యాటరీ మొనకీ మధ్య ఇండికేటర్ బల్బు ఒకటి పెట్టాడు. అంతే. కారులో ఏదీ పనిచెయ్యనప్పుడు ఆ బల్బు వెలగకూడదు. డెక్కు తన జ్ఞాపకశక్తి కోసం తాగే కరెంటు ఆంపియరులో వందో వంతు, రెండు వంతులు ఉంటుంది. దానికి ఆ బల్బు కన్ను తెరవదు. మా కారుకి మాత్రం ఎర్రగా మినుకుమంది.

‘అదిగోండి’ అన్నాడు. ఫ్యూజుల పెట్టె తెరిచి ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు. ‘లస్కరు చేసే పనేనండి ఇది. కాలవలో నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో తెలియకపోతే ఏం చేత్తాడు? ఒక్కో తూమూ మూసుకుంటూ పోతాడు. ఏది మూసినప్పుడు పైన నీళ్ళు నిలబడితే అదే దొంగతూము.’ ధవళేశ్వరం నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకి ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు? నేను ఇరవై ఏళ్ళు చెప్పిన పాఠంలో తూము లేదు, లస్కరు లేదు.

ఫ్యూజులన్నీ పీకేశాడు. బల్బు అలాగే మినుకుమంటోంది.

మేస్త్రి చేతులు తుడుచుకుని నవ్వాడు. ‘దొంగ ఇంట్లోవోడు కాదండి మాస్టారూ. గోడకి కన్నం ఏసుకొచ్చినోడు.’

నిజంగా కన్నమే. బ్యాటరీ పాజిటివ్ మొన నుంచి లావుపాటి ఎర్ర వైరు ఒకటి ఫ్యూజుల పెట్టెతో సంబంధం లేకుండా, ఇంజన్‌కీ మనకీ మధ్యనున్న రేకుకి కన్నం పొడిచి, కార్పెట్ కిందనుంచి సీటు దగ్గరికి వెళ్ళింది. ఆంప్లిఫయర్‌కి ఎక్కువ కరెంటు కావాలి కాబట్టి నేరుగా బ్యాటరీ నుంచి వైరు తీసుకోవడం తప్పు కాదు. తప్పు ఎక్కడంటే... మొదటిది, బ్యాటరీ దగ్గర ఆ వైరుకి ఫ్యూజు లేదు. మూరెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి, ఎందుకంటే ఆ ఫ్యూజు కాపాడేది పెట్టెని కాదు, దారిలో ఉన్న వైరుని. రెండోది, రేకు కన్నంలో రబ్బరు వాషరు లేదు. రెండేళ్ళ కుదుపులకి రేకు అంచు వైరు తొడుగుని సగం కోసేసింది. ఇంకాస్త కోస్తే లోపలి రాగి రేకుకి తగులుతుంది. అప్పుడు బ్యాటరీలోని కరెంటంతా ఒక్కసారిగా ఆ వైరు గుండా పరిగెత్తి దాన్ని ఎర్రగా కాలుస్తుంది. పైన కార్పెట్టు, ఇవతల పెట్రోలు గొట్టం. ఆ కోసుకుపోయిన చోటు నా చేతికిచ్చి చూపిస్తూ మేస్త్రి ఏమీ అనలేదు. నేనూ అనలేదు. మా పిల్లల్ని ఆ వెనక సీట్లోనే ఎక్కించుకుని ఎన్ని ఊళ్ళు తిరిగానో లెక్కపెట్టుకుంటున్నాను.

ఇక కారుతున్న చోటు. డెక్కు వెనక నీలం రంగు వైరు ఒకటి ఉంటుంది. డెక్కు వేసినప్పుడు అది ఆంప్లిఫయర్‌ని ‘లే’ అంటుంది, ఆపినప్పుడు ‘పడుకో’ అంటుంది. మా కారులో ఆ నీలం వైరు సీటు దాకా చాల్లేదు. దాన్ని పొడిగించే ఓపిక లేక, పని చేసినవాళ్ళు రెండంగుళాల వైరు ముక్కతో ఆంప్లిఫయర్ ‘లే’ మొనని దాని పాజిటివ్ మొనకే కలిపేశారు. దాంతో దానికి నిద్రన్నది లేదు. డెక్కు ఆగి ఉంది కాబట్టి చప్పుడు లేదు. చప్పుడు లేదు కాబట్టి మాకు తెలియదు. రాత్రీ పగలూ మేలుకుని, సీటు కింద కుంపటిలా వెచ్చగా కూర్చుంది. బల్బు తీసి మీటరు పెడితే 0.4 ఆంపియర్లు చూపించింది.

ఇక్కడ నాలోని మాస్టారు మేలుకున్నాడు, ఆలస్యంగానైనా. మారుతి బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లది. శనివారం సాయంత్రం ఆరు నుంచి సోమవారం ఉదయం ఎనిమిది దాకా 38 గంటలు. 0.4తో గుణిస్తే పదిహేను. అంటే పెద్దగా చప్పుడు లేకుండా దాదాపు సగం ఖాళీ. మిగతా రోజుల్లో కాలేజీకి వెళ్ళొచ్చేసరికి డైనమో మళ్ళీ నింపేస్తోంది. భోగి సాయంత్రం ఏడు నుంచి కనుమ రాత్రి ఒంటిగంటకి 54 గంటలు. దాదాపు ఇరవై రెండు. చాక్‌పీసు ఉంటే ఆ షెడ్డు గోడ మీదే రాసేవాణ్ణి. ఇదే లెక్క పేర్లు మార్చి ప్రతి సంవత్సరం పరీక్షలో ఇచ్చేవాణ్ణి, రెండు మార్కులకి.

మేస్త్రి బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టాడు. కన్నానికి రబ్బరు తొడిగాడు. నీలం వైరుని డెక్కు నుంచి సీటు దాకా పొడిగించాడు. అన్నీ బిగించి పాట పెట్టి యాక్సిలరేటర్ తొక్కితే, పాట వెనక ‘కుయ్య్...’ అని సన్నటి ఈల. తొక్కిన కొద్దీ ఈల స్థాయి పెరుగుతోంది. అది డైనమో కూత. ఆంప్లిఫయర్ నల్ల వైరుని పెయింటు మీదే మరతో బిగించారట. మా సముద్రపు గాలికి ఆ మర చుట్టూ తుప్పు పట్టింది. ఎర్తు సరిగ్గా లేకపోతే కరెంటు వేరే దారులు వెతుక్కుంటుంది, ఆ దారుల్లో పాట వైరు కూడా ఒకటి. పెయింటుని ఉప్పుకాగితంతో గీకి, రేకు తెల్లగా మెరిశాక బిగించి, పైన కాస్త గ్రీజు రాశాడు. ఈల ఆగిపోయింది. కోనసీమలో కారు స్టీరియో మొరాయిస్తే నా అనుభవంలో పదికి ఆరుసార్లు జబ్బు ఈ నల్ల వైరు దగ్గరే ఉంది. పెట్టె మార్చమని ఎవరైనా అంటే, ముందు ఉప్పుకాగితం అడగండి.

ఇదంతా చేసి ఆయన తీసుకున్నది నూట యాభై రూపాయలు. అప్పటిదాకా నేను డైనమోకీ, సెల్ఫ్‌కీ, బ్యాటరీకీ పోసింది మూడు వేల పైమాట. ఆ మినుకుమన్న బల్బు ఇమ్మని అడిగి తెచ్చుకున్నాను. ‘దేనికండి?’ అంటే, పాఠానికి అన్నాను. ఆ ఏడాది నుంచి నా క్లాసులో లస్కరు, తూములు, దొంగతూము అన్నీ వచ్చాయి.

ఆస్పత్రి నుంచి వచ్చాక నాన్నగారు మొదటిసారి కారెక్కిన రోజు, కూర్చోకముందే వంగి సీటు కింద చెయ్యి పెట్టి చూశారు. ‘చల్లగా ఉందిరా’ అన్నారు. తర్వాత ఆయనే డెక్కు మీది తువ్వాలు తీసి, ‘ఏదో ఒకటి పెట్టు. మరీ గోలగా వద్దు’ అన్నారు. 2009లో పోయేదాకా కారెక్కినప్పుడల్లా ముందు ఆ సీటు కింద చెయ్యి పెట్టడం ఆయనకి అలవాటైపోయింది. కొత్తగా చూసినవాళ్ళు ఆయన సీటుకి దణ్ణం పెడుతున్నారనుకునేవారు.

మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది. మాది అంతకుముందే పాత ఇనుము ధరకి వెళ్ళిపోయింది. ఇప్పటి కార్లలో స్టీరియో అంటే డాష్‌బోర్డులో కలిసిపోయిన తెర. లాగి చూద్దామంటే చెయ్యి పెట్టే సందు లేదు. అందుకే నేను ఇవన్నీ మర్చిపోవచ్చనుకున్నాను.

మొన్నామధ్య హైదరాబాదు నుంచి మా అబ్బాయి ఫోను. ‘కారు స్టార్టవడం లేదు నాన్నా. బ్యాటరీ పోయినట్టుంది, కొత్తది తెప్పిస్తున్నాను.’

‘ఆగరా. ఏ రోజు ఆగిపోతోంది?’

‘అదే విచిత్రం. ఆఫీసుకి వెళ్ళే రోజుల్లో బాగానే ఉంటోంది. ఇంటి నుంచి పని చేసి, నాలుగు రోజులు తియ్యకపోతే...’

‘ఈమధ్య కారులో కొత్తగా ఏమైనా పెట్టించావా?’

‘ఏం లేదే... ఆఁ, ముందు అద్దానికి కెమెరా. అది చిన్నది నాన్నా, ఎంత తాగుతుంది?’

‘ఇప్పుడు కారెక్కడుంది?’

‘సెల్లారులో. గురువారం నుంచి కదల్లేదు.’

‘ఎండ తగలదుగా? కిందకి వెళ్ళు. ఆ కెమెరా మీద చెయ్యి వేసి చూడు.’

మెట్లు దిగుతున్న చప్పుడు, తలుపు తీసిన చప్పుడు వినిపించాయి. కాసేపు ఏమీ లేదు.

‘వెచ్చగా ఉంది నాన్నా’ అన్నాడు.